క్రైమ్ నవలలు మళ్ళీ మొదలుపెట్టాలంటే: ఏది ముందు, ఏది తర్వాత, ఎందుకు

చదువుకునే రోజుల్లో షెర్లాక్ హోమ్స్ కథలు ఇష్టంగా చదివానని, ఉద్యోగంలో పడ్డాక చదవడం మానేశానని రాశారు. ఈమధ్య మళ్ళీ మొదలుపెడదామని అందరూ మెచ్చుకునే 'ద గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ' తీసుకుంటే వంద పేజీల దగ్గర ఆగిపోయిందన్నారు. రాత్రి పడుకునే ముందు అరగంట దొరుకుతుంది, రక్తపాతం మరీ ఎక్కువ ఉండకూడదు, క్రైమ్ కాకుండా హాయిగా చదువుకునేవి కూడా కొన్ని కావాలి. ఇదీ మీరు అడిగింది. నేను ఏళ్ళుగా ఈ రకం నవలలు చదువుతున్నాను, అడిగినవాళ్ళకు చెబుతూనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఆ ఆగిపోయిన పుస్తకం సంగతి. చదివే అలవాటు పోయిందేమోనని బెంగ పెట్టుకోకండి. స్టీగ్ లార్సన్ రాసిన ఆ నవల (2005) మొదట్లో అసలు కేసు కంటే ఒక జర్నలిస్టు మీద పడిన పరువునష్టం దావా, కంపెనీల లావాదేవీలు, ఒకే ఇంటిపేరున్న బోలెడుమంది బంధువులు ఎక్కువగా కనిపిస్తారు. రోజుకు అరగంట చదివేవాళ్ళకు ఎవరు ఎవరి తమ్ముడో గుర్తుపెట్టుకోవడంతోనే సరిపోతుంది. పైగా ముందుకు వెళ్ళేకొద్దీ ఆడవాళ్ళ మీద హింస చాలా వివరంగా వస్తుంది. స్వీడిష్ భాషలో ఆ నవల పేరే 'స్త్రీలను ద్వేషించే మగవాళ్ళు' అని. మంచి నవలే, కానీ మీరు పెట్టుకున్న షరతులకు సరిపడదు. వదిలేయడమే మంచిదయింది.

అందరికీ నచ్చిన పది పుస్తకాలు, చచ్చేలోగా చదవాల్సిన వంద పుస్తకాలు అంటూ వచ్చే జాబితాలతో చిక్కంతా ఇదే. క్రైమ్ నవల అని పేరుంటే చాలు, అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాయి. చదివేవాళ్ళకు పనికొచ్చేది వేరే విభజన: మనచేత పేజీ తిప్పిస్తున్న ప్రశ్న ఏమిటి? చంపింది ఎవరు అన్న ప్రశ్న కొన్ని నవలలను నడిపిస్తుంది. లోపల గడియ పెట్టి ఉన్న గదిలో హత్య ఎలా జరిగింది అన్నది ఇంకొన్నిటిని. చంపింది ఎవరో మొదటి పేజీలోనే చెప్పేసి, ఎందుకు చంపారు అన్న దాని మీద మూడొందల పేజీలు నడిచేవి ఉన్నాయి. దొరికిపోతాడా, తప్పించుకుంటాడా అన్న ఒక్క టెన్షన్ మీద నడిచేవీ ఉన్నాయి. ఈ నాలుగూ ఒకే పాఠకుడికి సమానంగా నచ్చడం అరుదు. మీకు ఏ ప్రశ్న పట్టుకుంటుందో తెలిస్తే పుస్తకం ఎంచుకోవడం చాలా తేలికవుతుంది.

అది కనుక్కోవడానికి ఒక దారి చెబుతాను. ఇన్నేళ్ళ తర్వాత హోమ్స్ కథల్లో మీకు ఏం గుర్తుంది? ఎదుటివాడి బూట్ల మీద మట్టి చూసి ఎక్కడినుంచి వచ్చాడో చెప్పడం గుర్తుంటే మీరు పజిల్ మనిషి. 'ద హౌండ్ ఆఫ్ ద బాస్కర్‌విల్స్' లోని పొగమంచు, బీడు భూములు, రాత్రిపూట కుక్క ఏడుపు గుర్తుంటే మీకు కావలసింది వాతావరణం. ఇవేవీ కాదు, హోమ్స్, వాట్సన్ చలిమంట దగ్గర కూర్చుని మాట్లాడుకోవడమే గుర్తుంది అంటారా, అప్పుడు మీకు కావలసింది మనుషులు, అంటే మళ్ళీ మళ్ళీ కలుసుకోగల ఒక డిటెక్టివ్. కథలన్నీ మరిచిపోయినా ఆ గుర్తు మాత్రం అబద్ధం చెప్పదు.

పజిల్ మనుషులకు అగాథా క్రిస్టీని తప్పించుకునే దారి లేదు, తప్పించుకోవలసిన అవసరమూ లేదు. 66 డిటెక్టివ్ నవలలు రాశారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసినందువల్ల విషాల గురించి ఆమెకు గట్టి పరిజ్ఞానం ఉండేది, అందుకే ఆమె పుస్తకాల్లో కత్తులు, తుపాకుల కంటే విషప్రయోగాలు ఎక్కువ. హత్య చాలావరకు తెర వెనకే జరిగిపోతుంది, మీ షరతుకు ఇది బాగా సరిపోతుంది. అయితే అందరూ 'మర్డర్ ఆన్ ద ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' (1934)తో మొదలుపెట్టమంటారు. సినిమాల వల్ల దాని ముగింపు ఎక్కడో ఒకచోట మీ చెవిన పడే ఉంటుంది. నేనైతే 'ఫైవ్ లిటిల్ పిగ్స్' (1942) చేతిలో పెడతాను. పదహారేళ్ళ కిందట ఒక చిత్రకారుడికి విషం పెట్టిందని అతని భార్యకు శిక్ష పడింది, ఆమె జైల్లోనే చనిపోయింది. ఇప్పుడు కూతురు పెద్దదై క్రిస్టీ సృష్టించిన డిటెక్టివ్ పొయ్‌రో దగ్గరికి వచ్చి నిజం తెలుసుకోవాలని అడుగుతుంది. ఆధారాలు ఏనాడో పోయాయి, మిగిలింది ఆ రోజు అక్కడున్న ఐదుగురి జ్ఞాపకాలు మాత్రమే. ఒకే రోజును ఐదుగురు ఐదు రకాలుగా చెబుతారు. ఎవరూ పూర్తిగా అబద్ధమాడరు, అయినా ఐదు కథలూ కలవవు. క్రిస్టీకి మనుషులు తెలియరు, ముక్కలు పేర్చడం మాత్రమే తెలుసు అనేవాళ్ళకు ఈ నవల చాలా గట్టి జవాబు.

దాని తర్వాత 'ద మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' (1926). ఎవరైనా దాని గురించి మాట్లాడబోతే ఆపేయండి, వెనక అట్ట కూడా చదవకండి. అంతకు మించి నేను ఒక్క మాట చెప్పినా మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. మూడేళ్ళ తర్వాత, 1929లో రొనాల్డ్ నాక్స్ అనే రచయిత డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. డిటెక్టివ్‌కు దొరికిన ప్రతి ఆధారం పాఠకుడికీ చూపించాలి అన్నది వాటిలో ఒకటి. పజిల్ నవల చదివేటప్పుడు ఈ నియమం మనసులో పెట్టుకోండి. చివర్లో మోసపోయినట్టు అనిపిస్తే వెనక్కి వెళ్ళి చూడండి. మంచి రచయిత అయితే ఆధారం మీ కళ్ళ ముందే పెట్టి ఉంటారు, మీరే దాన్ని దాటుకుని వెళ్ళిపోయి ఉంటారు. వెనక్కి వెళ్ళి ఆ వాక్యాన్ని పట్టుకోవడంలో ఉన్న ఆనందం ముగింపు చదివినదానికి ఏమీ తీసిపోదు.

జపాన్ రచయితలు ఈ రకంలో ఇప్పటికీ చాలా బలంగా ఉన్నారు. సెయిచో మత్సుమోటో 'పాయింట్స్ అండ్ లైన్స్' (1958) అని చిన్న నవల రాశారు. ఇంగ్లీషులో 'టోక్యో ఎక్స్‌ప్రెస్' అన్న పేరుతో కూడా దొరుకుతుంది. సముద్రపు ఒడ్డున ఒక జంట శవాలు దొరుకుతాయి, చూసినవాళ్ళంతా ప్రేమికుల ఆత్మహత్య అనుకుంటారు. ఒక వయసు మళ్ళిన డిటెక్టివ్‌కు మాత్రం చచ్చిపోయినవాడి జేబులో దొరికిన రైలు భోజనశాల రసీదు అడ్డం వస్తుంది. అందులో ఒక్కరికే బిల్లు వేసి ఉంది. కలిసి చావడానికి బయల్దేరిన ఇద్దరిలో ఒకరే భోజనం చేస్తారా? అక్కణ్ణుంచి కథంతా రైల్వే టైమ్‌టేబుల్ మీద నడుస్తుంది. టోక్యో స్టేషన్లో ఒక ప్లాట్‌ఫారం మీది నుంచి ఇంకో ప్లాట్‌ఫారం కనిపించేది రోజుకు నాలుగు నిమిషాలే, మధ్యలో రైళ్ళు అడ్డం వస్తాయి. ఆ నాలుగు నిమిషాలు కేసులో ఎంత పెద్దవవుతాయో చదివి తీరాలి. చిన్న పుస్తకం, రక్తం దాదాపు లేదు, మీ అరగంటలకు కొలిచి కుట్టినట్టు ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం తేల్చుకోవాలి. రక్తపాతం వద్దన్నారు. రక్తం లేకపోయినా నిద్ర పట్టనివ్వని నవలలు ఉన్నాయి, హత్యలున్నా మనసును కుదుటపరిచే నవలలూ ఉన్నాయి. ఈ రెండూ వేరువేరు. పట్రీషియా హైస్మిత్ 'ద టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ' (1955) లో హింస ఉండేది కొన్ని పేజీలే. కానీ ఒక హంతకుడు దొరికిపోకూడదని మనమే కోరుకునేలా చేస్తారావిడ, ఆ ఇబ్బంది పుస్తకం మూసినా వదలదు. గొప్ప నవల, కానీ పడుకునే ముందు చదివేది కాదు. సెలవు రోజు పట్టపగలు చదవండి. రూత్ రెండెల్ 'ఎ జడ్జ్‌మెంట్ ఇన్ స్టోన్' (1977) కూడా అంతే. ఎవరు, ఎవరిని, ఎందుకు చంపారో మొదటి వాక్యంలోనే చెప్పేస్తారు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు అనుకుంటాం. ఆ తర్వాత ఒక్కొక్క చిన్న సంఘటన, ఎవరో ఒకరు కాస్త ఆగి ఉంటే తప్పిపోయేది కదా అనిపించే సంఘటన, ఆ వాక్యం వైపే నడుస్తుంటే చూస్తూ కూర్చోవాలి. ఎందుకు అన్న ప్రశ్న ఎవరు అన్న ప్రశ్న కంటే ఎంత బరువైనదో ఆ నవల చదివితే తెలుస్తుంది.

హంతకులెవరో ముందే తెలిసిపోయినా పజిల్ చెక్కుచెదరకుండా ఉండాలంటే కెయిగో హిగషినో 'ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' (2005) ఉంది. జపాన్లో పేరుమోసిన నవోకి బహుమతి దానికి వచ్చింది. ఒకావిడ తన మాజీ భర్తను చంపడం మనం చూస్తాం. పక్కవాటాలో ఉండే లెక్కల మాస్టారు ఆమెను కాపాడటానికి పూనుకుంటాడు. ఇంకేముంది, అంతా తెలుసు అనుకుంటూ చదువుతాం. చివరికొచ్చేసరికి మనకు తెలిసింది ఎంత తక్కువో అర్థమవుతుంది. క్రైమ్ నవలలు అసలే చదవనివాళ్ళకు ఒక్కటే ఇవ్వాలంటే నేను చాలాసార్లు ఇచ్చేది ఇదే.

పడుకునే ముందు అరగంటకు నాకు తెలిసినంతలో జార్జ్ సిమెనాన్ సృష్టించిన మెగ్రేను మించినవాడు లేడు. పారిస్ పోలీసు అధికారి, భారీ మనిషి, నోట్లో పైపు. 75 నవలలు, 28 కథలు ఉన్నాయి, చాలావరకు నూట యాభై, రెండొందల పేజీలలోపే. మెగ్రే పెద్దగా తర్కం చెయ్యడు, పరిగెత్తడు. ఆ వీధిలో కూర్చుంటాడు, ఆ ఇంట్లోవాళ్ళు ఎలా తింటారో, ఎలా పోట్లాడుకుంటారో చూస్తాడు, వాళ్ళ బతుకు వాసన ఒంటికి పట్టేదాకా వదలడు. నేరస్థుణ్ణి పట్టుకునేసరికి కోపం కంటే జాలే ఎక్కువగా మిగులుతుంది. 'ద సెయింట్ ఫియాక్ర్ అఫైర్' (1932) తో మొదలుపెట్టండి. ఫలానా రోజు ఫలానా చర్చిలో మొదటి ప్రార్థన వేళ నేరం జరుగుతుందని ఒక చీటీ వస్తుంది. ఆ ఊరు మెగ్రే పుట్టిన ఊరు, వాళ్ళ నాన్న అక్కడి జమీందారీలో వ్యవహారాలు చూసేవాడు. చిన్నప్పుడు దూరం నుంచి తలెత్తి చూసిన బంగళా ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ఒక నడివయసు పోలీసు చూడటమే ఆ నవల. మెగ్రే పుస్తకాలకు వరుస పట్టించుకోనక్కర్లేదు, ఏది దొరికితే అది చదవొచ్చు.

స్వీడన్ అంటే ఇష్టం ఉండి, లార్సన్ దగ్గర ఆగిపోయినవాళ్ళకు నేను చెప్పేది మాయ్ షోవాల్, పేర్ వాలో జంట గురించి. 1965 నుంచి 1975 దాకా ఇద్దరూ కలిసి మార్టిన్ బెక్ అనే పోలీసు అధికారితో పది నవలలు రాశారు. ఈ రోజు మనం చూస్తున్న అలసిపోయిన పోలీసులు, కడుపునొప్పి, ఇంట్లో మౌనం, వర్షం, నెలల తరబడి ముందుకు కదలని కేసులు చాలావరకు వీళ్ళ దగ్గరే మొదలయ్యాయి. మొదటిది 'రోజానా'. కాలువ పూడిక తీస్తుంటే ఒక అమ్మాయి శవం దొరుకుతుంది, ఆమె ఎవరో తెలియడానికే నెలలు పడుతుంది. నేరం లైంగికమైనదే, కానీ దాన్ని రుచిగా వర్ణించే పని వాళ్ళు పెట్టుకోరు. నాలుగోది 'ద లాఫింగ్ పోలీస్‌మన్' (1968) ఇంకా బాగుంటుంది. బస్సులో కాల్పులు జరుగుతాయి, చనిపోయినవాళ్ళలో బెక్ దగ్గర పనిచేసే కుర్ర డిటెక్టివ్ ఉంటాడు, వాడు ఆ బస్సెందుకు ఎక్కాడో ఎవరికీ తెలియదు. వీటిని మాత్రం వరుసలో చదవండి. మనుషులు మారుతూ పోతారు, ఆ మార్పు చూడటంలోనే సగం రుచి ఉంది.

అమెరికా ప్రైవేటు డిటెక్టివ్‌ల గురించి క్లుప్తంగా చెబుతాను. డాషియల్ హామెట్ స్వయంగా పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేసినవాడు, 'ద మాల్టీస్ ఫాల్కన్' (1930) లో ఆ పట్టు కనిపిస్తుంది. రేమండ్ చాండ్లర్‌ను కథ కోసం చదవకూడదు, వాక్యం కోసం చదవాలి. ఇంగ్లీషులోనే చదివే ఓపిక ఉంటేనే పట్టుకోండి.

కళ్ళ ముందు కొత్త నేరమేదీ జరగకుండానే డిటెక్టివ్ నవల చదివిన సంతృప్తి కావాలంటే జోసెఫీన్ టే రాసిన 'ద డాటర్ ఆఫ్ టైమ్' (1951) ఉంది. కాలు విరిగి ఆసుపత్రి మంచం మీద పడుకున్న ఒక ఇన్‌స్పెక్టర్ విసుగెత్తి ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ బొమ్మ చూస్తాడు. ఇది హంతకుడి ముఖంలా లేదే అనుకుంటాడు. తన అన్న కొడుకుల్ని ఇద్దరినీ చంపించాడని వందల ఏళ్ళుగా పేరుపడ్డవాడు రిచర్డ్. మంచం మీద నుంచి కదలకుండా, పాత పుస్తకాలు తెప్పించుకుని ఆ కేసు విచారిస్తాడు. ఆయన తేల్చిన దానితో చరిత్రకారులు అందరూ ఏకీభవించరు. అయినా పాఠ్యపుస్తకంలో ఉన్న మాట మొదట ఎవరన్నారు, అప్పుడు వాళ్ళు ఎక్కడున్నారు, వాళ్ళకేం లాభం అని అడగడం ఈ నవల నేర్పుతుంది. 1990లో బ్రిటన్లోని క్రైమ్ రచయితల సంఘం తమకు నచ్చిన వంద నవలల్లో దీనికే మొదటి స్థానం ఇచ్చింది. ఇంగ్లండు రాజుల వంశవృక్షం మాత్రం మొదటి పేజీల్లో కాస్త తికమక పెడుతుంది, ఒక కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన జత. ఈ రెండు పుస్తకాలనూ ఒకదాని వెంట ఒకటి చదవమని అడిగినవాళ్ళందరికీ చెబుతాను. మొదటిది విల్కీ కాలిన్స్ 'ద మూన్‌స్టోన్' (1868). 1799లో శ్రీరంగపట్నం మీద ఇంగ్లీషు సైన్యం దాడి చేసినప్పుడు దోచుకున్న ఒక వజ్రం ఇంగ్లండులో ఒక అమ్మాయి పుట్టినరోజుకు కానుకగా వస్తుంది, ఆ రాత్రే మాయమవుతుంది. కథను ఒక్కరు చెప్పరు. ముసలి నౌకరు కొంత, మతబోధ కరపత్రాలు పంచుతూ అందరి ప్రాణాలూ తీసే ఒక చుట్టం కొంత, లాయరు కొంత. ఎవరి చూపు వాళ్ళది, ఎవరి పక్షపాతం వాళ్ళది. నవల పెద్దది, కానీ పత్రికలో వారం వారం వచ్చింది కాబట్టి ముక్కలు ముక్కలుగా చదవడానికే కట్టి ఉంది. అరగంట పాఠకుడికి లావు పుస్తకం పనికిరాదన్న భయం దీని విషయంలో అక్కర్లేదు. దోచుకున్న సొత్తు ఎవరిది అన్న ప్రశ్నను కాలిన్స్ ఆ కాలంలోనే పట్టించుకున్నాడు, మన దేశపు పాఠకులకు అది ఇంకా బాగా తాకుతుంది.

రెండోది కేట్ సమర్‌స్కేల్ రాసిన 'ద సస్పిషన్స్ ఆఫ్ మిస్టర్ విచర్' (2008). ఇది నవల కాదు, నిజంగా జరిగింది. 1860లో ఇంగ్లండులో ఒక పెద్దింట్లో మూడేళ్ళ బాబు హత్య జరిగింది. బయటివాళ్ళు లోపలికి వచ్చిన జాడ లేదు, ఇంట్లోవాళ్ళలో ఒకరే చేసి ఉండాలి. స్కాట్లండ్ యార్డ్‌లో 1842లో డిటెక్టివ్ విభాగం పెట్టినప్పుడు ఎనిమిది మందిని తీసుకున్నారు, వాళ్ళలో ఒకడైన జాక్ విచర్‌ను పంపించారు. అతను ఆ ఇంటి ఆడపిల్లను అనుమానించాడు. మామూలు కుటుంబంలో పుట్టిన ఒక పోలీసు, మర్యాదస్తుల ఇంట్లో దూరి, వాళ్ళ బట్టల లెక్కలు అడిగి, వాళ్ళ కూతురి మీద వేలు చూపించడమేమిటని దేశమంతా మండిపడింది. చివరికి ఏం తేలిందో పుస్తకంలోనే చదవండి. ఆ కేసులో కనిపించకుండా పోయిన ఒక రాత్రి గౌను ఉంది. ఎనిమిదేళ్ళ తర్వాత కాలిన్స్ దాన్ని తన నవలలోకి తెచ్చుకున్నాడు, అందులోని డిటెక్టివ్ సార్జంట్ కఫ్‌కు విచర్ ఛాయలు ఇచ్చాడు. నవల ముందు చదివి, కేసు తర్వాత చదివితే డిటెక్టివ్ అనేవాడు మొదట్లో ఎంత అనుమానాస్పదమైన మనిషో, మన ఇళ్ళలోకి వాణ్ణి రానివ్వడానికి సమాజం ఎంత గింజుకుందో కళ్ళకు కడుతుంది. పసిబిడ్డ హత్య కాబట్టి మనసు బాగులేని రోజుల్లో మాత్రం ముట్టుకోకండి.

తెలుగులోనే చదవాలని ఉంటే కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు ఇప్పటికీ చకచకా చదివిస్తాయి. యుగంధర్, అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు, ఈ ముగ్గురి మధ్య మాటలు చాలా సహజంగా ఉంటాయి. వాక్యం చిన్నది, సాగదీత లేదు. పజిల్ కంటే వేగం కావాలంటే మధుబాబు షాడో నవలలు, అవి యాక్షన్ ఇష్టమైనవాళ్ళకు. బెంగాలీలో శరదిందు బంద్యోపాధ్యాయ్ రాసిన బ్యోమకేశ్ బక్షీ కథలు అనువాదంలోనైనా తప్పక చదవాల్సినవి. మొదటి కథ 1932లో వచ్చింది. హోమ్స్‌లా ఒంటరి మనిషి కాదు బ్యోమకేశ్. ఒక కేసులో పరిచయమైన సత్యవతిని పెళ్ళి చేసుకుంటాడు, కథలు నడిచేకొద్దీ అతనికి వయసు పెరుగుతుంది, చుట్టూ దేశం కూడా మారుతూ ఉంటుంది. హోమ్స్ నచ్చినవాళ్ళకు ఇంతకంటే దగ్గరి చుట్టం దొరకదు.

క్రైమ్ కాకుండా హాయిగా చదువుకునేవి అడిగారు. డిటెక్టివ్ కథల మీద ఇష్టం ఉన్నవాళ్ళకు నేను మొదట ఇచ్చేది జిమ్ కార్బెట్ 'మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావ్' (1944). వేట పుస్తకమని పక్కన పెట్టేయకండి. విరిగిన గడ్డిపోచ, ఇంకా ఆరని పాదముద్ర, ఉన్నట్టుండి అరుపు ఆపేసిన పక్షి, వీటినుంచి పులి ఎటు వెళ్ళింది, ఎంతసేపయింది, గాయపడిందా లేదా అని ఆయన తేల్చే తీరు హోమ్స్ చేసే పనే. 1907లో ఆయన కాల్చిన చంపావత్ ఆడపులి అప్పటికి 436 మందిని చంపిందని లెక్క. అది మనుషుల మీద పడటానికి కారణం పగిలిన కోరపళ్ళని, ఎవరో పేల్చిన తూటా వల్లే అలా అయిందని ఆయన రాస్తాడు. పులి మీద పగ అనేది ఆ పుస్తకంలో కనిపించదు. శవాల వర్ణన అక్కడక్కడా ఉంటుంది, అది తెలుసుకుని చదవండి.

నవ్వుకోవాలంటే పి.జి. వోడ్‌హౌస్ 'ద కోడ్ ఆఫ్ ద వూస్టర్స్' (1938). ఆవు ఆకారంలో ఉన్న ఒక వెండి పాలగిన్నెను దొంగిలించడం చుట్టూ తిరిగే కథ. క్రిస్టీ నవలంత బిగువైన అల్లిక, ఒక్క శవం లేదు. జెరాల్డ్ డరెల్ 'మై ఫ్యామిలీ అండ్ అదర్ యానిమల్స్' (1956) ఒక ఇంగ్లీషు కుటుంబం గ్రీకు ద్వీపం కోర్ఫూలో గడిపిన రోజుల గురించి. జేమ్స్ హెరియట్ పశువైద్యుడి అనుభవాలు కూడా ఆ కోవలోవే, ఏ అధ్యాయానికి ఆ అధ్యాయం విడిగా చదువుకోవచ్చు కాబట్టి బాగా అలసిన రాత్రులకు ఇవే సరి. తెలుగులో మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' మళ్ళీ తీయండి. చిన్నప్పుడు పాఠంగా ఒక ముక్క చదివి ఊరుకున్నవాళ్ళు చాలామంది. మొత్తం చదివితే మొగల్తూరు నుంచి బయల్దేరిన ఆ అమాయకుడి వెనక ఎంత లోకజ్ఞానం ఉందో తెలుస్తుంది.

ఇక చదవడం గురించి కొన్ని మాటలు. అరగంట చదివేవాళ్ళు అధ్యాయం చివర ఆగకండి, మధ్యలో ఆగండి. క్రైమ్ రచయిత అధ్యాయాన్ని ముగించేదే మీరు పుస్తకం మూయకుండా ఉండేందుకు. అక్కడ ఆగితే నిద్ర రాదు, ఆగకపోతే అర్ధరాత్రి దాటుతుంది. ఏదో ఇద్దరు మాట్లాడుకుంటుండగా ఆపేస్తే మనసు ప్రశాంతంగా ఉంటుంది, మర్నాడు అందుకోవడమూ తేలిక.

పాత నవలలకు ముందుమాటలు రాసేవాళ్ళు మీరు అప్పటికే నవల చదివేశారనుకుని ముగింపు బయటపెట్టేస్తారు. ముందుమాటను వెనకమాటగా చదవండి. కొత్త పేర్లు, ముఖ్యంగా జపాన్, స్వీడన్ పేర్లు, పుస్తకంలో పెట్టుకునే చీటీ మీదే రాసుకోండి: పేరు, పక్కన ఆ మనిషి ఎవరో ఒక్క ముక్క. రెండు రోజులు విరామం వచ్చినా మళ్ళీ మొదటికి వెళ్ళనక్కర్లేదు. యాభై పేజీలకు ఏ ప్రశ్నా మిమ్మల్ని పట్టుకోకపోతే వదిలేయండి. నూట యాభై పేజీల నవలైతే అంత కూడా వద్దు, ముప్ఫై చాలు. ఇందులో ఒక్కటే మినహాయింపు, ఉంబెర్టో ఎకో 'ద నేమ్ ఆఫ్ ద రోజ్' (1980). మొదటి వంద పేజీలు కఠినంగా ఉన్నాయి, తగ్గించమని ప్రచురణకర్తలు అడిగితే ఆయన ఒప్పుకోలేదు. 1327 నాటి ఆ మఠంలో అడుగుపెట్టాలంటే పాఠకుడు ఆ కొండ ఎక్కే రావాలన్నది ఆయన పట్టుదల. పొడుగాటి సెలవు దొరికినప్పుడు దానికోసం సమయం తీయండి, ఇప్పుడు మాత్రం వద్దు.

మీ షరతులు చూసి నేను చెప్పే వరుస ఇదీ. ముందు 'టోక్యో ఎక్స్‌ప్రెస్', ఎందుకంటే చిన్నది, పూర్తిచేశానన్న ధైర్యం త్వరగా వస్తుంది. తర్వాత 'ద సెయింట్ ఫియాక్ర్ అఫైర్'. ఆ రెండింటి తర్వాత ఒక్కసారి ఆలోచించుకోండి. మొదటిదే ఎక్కువ నచ్చి ఉంటే 'ఫైవ్ లిటిల్ పిగ్స్', ఆపైన హిగషినో వైపు వెళ్ళండి. మెగ్రే నచ్చి ఉంటే మార్టిన్ బెక్‌ను 'రోజానా' నుంచి పట్టుకోండి, పది పుస్తకాలకు సరిపడా తోడు దొరుకుతుంది. రెండూ సమానంగా నచ్చితే నేరుగా 'ద మూన్‌స్టోన్' తీసుకోండి. రెండూ నచ్చకపోతే ఏ పేజీలో, ఎందుకు విసుగొచ్చిందో రాయండి. నచ్చిన పుస్తకం పేరు కంటే అదే నాకు ఎక్కువ ఉపయోగపడుతుంది, దాన్నిబట్టి ఇంకో దారి చెబుతాను.